బుష్‌లు మార్చిన శుక్రవారం

"లైటు అటూ ఇటూ ఊగుతా ఉంది. సరిగ్గా పట్టుకోలేవా?" వ్యాను కింద పడుకున్న యతీశ్ అరిచాడు.

రేణు సెల్‌ఫోన్ లైటును రెండు చేతులతో పట్టుకుంది. ఆ ఆదివారం బేరిగైలో, ఇంటి ముందర, ఆమె భర్త యతీశ్, మరిది మాదేశ్ కలిసి పాత వ్యానుకు ముందు చక్రాల బుష్‌లు మారుస్తున్నారు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప ఆర్మ్ చివర కూర్చునే రబ్బరే బుష్. బండి గుంతలో పడితే దెబ్బ ముందు అదే తింటుంది. హోసూరు కంపెనీలో రేణు పదకొండేళ్లుగా పరీక్షించేది వాటినే. యాడ పగులుందో, యాడ గాలి బుడగ ఉందో వేలితో తడిమి చెప్పగలదు. ఇంట్లో మాత్రం "రబ్బరు కంపెనీకి పోతుంది", అంతే.

చక్రం గాలిలో వేలాడుతుండగానే మాదేశ్ బోల్టు బిగించబోయాడు.

"ఇప్పుడే గట్టిగా బిగించొద్దప్పా," అంది రేణు. "బండి కిందికి దించి, బరువు చక్రం మీద పడినాక బిగించల్ల. లేకుంటే రబ్బరు మెలిపడి చినిగిపోతుంది."

మాదేశ్ నవ్వాడు. "నువ్వు రబ్బరు చూసుకో వదినా. బండి మేము చూసుకుంటాం."

"పోయి కాఫీ పెట్టుకోని రా," అన్నాడు యతీశ్ కింద నుంచి.

ఆమె లోపలికి పోయింది. పాలు పొంగేదాకా బోల్టులు బిగుస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

నలభై రోజులకే ముందు చక్రాల దగ్గర లొడలొడ చప్పుడు మళ్లీ మొదలైంది. అత్త తిమ్మమ్మను నడుము నొప్పికి వారం వారం కృష్ణగిరి ఆస్పత్రికి తీసుకుపోవాలి. గుంత వచ్చిన ప్రతిసారీ ఆమె "అమ్మా" అని మూలిగేది. పక్కన కూర్చున్న రేణు ఆమె నడుము వెనక తన చేయి పెట్టి ఉంచేది.

"మీ కంపెనీ సరుకే ఇంత," అన్నాడు యతీశ్ ఒకసారి. "పదకొండేండ్లుగా ఏం చూస్తా ఉండావో ఏమో!"

ఆ మాట ఆమెతో పాటు కంపెనీకి వచ్చింది, బల్ల ముందు కూర్చుంది, తిరిగి ఇంటికీ వచ్చింది. జవాబు ఆమెకు తెలుసు. ఎవరితో చెప్పాలో తెలియలేదు. కంపెనీలో చెబితే మొగుణ్ణి పలచన చేసినట్టు, ఇంట్లో చెబితే ఎదురు మాట్లాడినట్టు. అంట్లు తోముతూ, కొట్టంలో పేడ ఎత్తుతూ ఆ జవాబు తనకు తానే చెప్పుకునేది. ఒకరోజు పెదవులు కదలడం చూసి మాదేశ్ "వదినకు మంత్రాలు పట్టినాయి" అంటే అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

ఒక శుక్రవారం ఆమెకు సెలవు. మగవాళ్లిద్దరూ కెలమంగలంలో పెళ్లికి బస్సెక్కి పోయారు. హోసూరులో కొన్న కొత్త బుష్‌లు తీసుకుని రేణు పొద్దున్నే వ్యాను కింద జాకీ పెట్టి ఎత్తింది.

"మొగోళ్లు వచ్చి చేస్తారు లేమ్మా," అంది అరుగు మీద నుంచి తిమ్మమ్మ.

"వాళ్లు చేసిందే ఇది, అత్తా."

తిమ్మమ్మ మెల్లగా లేచి వీధి గేటు మూసింది, ఎవరైనా చూస్తారని. పాత రబ్బరు రేణు అనుకున్నట్టే మెలి తిరిగి చినిగి ఉంది. కొత్తదానికి సబ్బు నీళ్లు రాసి, పొడుగాటి బోల్టుతో కొంచెం కొంచెంగా లోపలికి లాగింది. వేలి గోరు చితికింది. తిమ్మమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఒకసారి కింద పడిన స్పానరు అందించింది కూడా. ఆఖరున రేణు చక్రాలను రెండు రాతి పలకల మీదికి దించి, బండి బరువంతా వాటి మీద పడినాక కింద దూరి బోల్టులు బిగించింది. బయటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో తన పనిని ఒకరు దగ్గరుండి చూశారు అనుకుంది.

మర్నాడు కృష్ణగిరి దారిలో ఏ గుంతకూ చప్పుడు రాలేదు.

"చూసినారా?" అన్నాడు యతీశ్. "తిరిగి తిరిగి కుదురుకునింది. నేను బిగించింది ఊరికే పోతుందా?"

"నిన్న నేను మార్చినాను," అంది రేణు.

అతను అద్దంలో ఆమెను చూసి నవ్వాడు. "నువ్వా? అమ్మా, నిజమేనా?"

తిమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "నాకేం తెలుసప్పా. నేను పండుకోనుంటిని."

చినిగిన రబ్బర్లు కొట్టంలోనే ఉన్నాయి, చూపించవచ్చు. రేణు ఆ మాట ఎత్తలేదు. సొంత ఇంట్లో సాక్ష్యం తెచ్చి పెట్టాల్సి వస్తే, ఆ ఇంట్లో తనెవరు? ఆస్పత్రి వచ్చేదాకా ఆమె చేయి అత్త నడుము వెనకే ఉండిపోయింది.

సోమవారం తెల్లవారి తిమ్మమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి అంది: "మొగోడు చిన్నబోతాడని అట్లంటిని. నేను చూడలేదామ్మా, నువ్వు చేసేది?"

"చూసినావు అత్తా. మళ్లీ చూడలేదంటివి." రేణు పొయ్యి ఆపేసింది. "ఎవురూ చూడని పని ఇంక నేను చేయను."

"ఏ పనమ్మా?"

రాగిముద్దకు పెట్టిన ఎసరు మరగబోయి ఆగిపోయింది. రాగిపిండి ఇంకా గిన్నెలోనే ఉంది, రాత్రి అంట్లు తొట్టి దగ్గర, విడిచిన చొక్కాలు తలుపు మీద. తిమ్మమ్మ చూపు ఒక్కొక్క దాని మీదికీ పోయి ఆగింది.

రేణు చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని, కంపెనీ బస్సుకు బయలుదేరింది.