బొటనవేలు ఎటు?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వదిన అంటుంది. ఉంటుంది, కాదనను. కానీ ఫిజిక్స్ పాఠం నాకన్నా బాగా చెప్పేవాళ్లెవరో చూపించమనండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఈ బడిలో ఏళ్ల తరబడి తాత్కాలిక టీచరుగానే నెట్టుకొస్తున్నాను. సెలవులు రాగానే పొమ్మంటారు, బడి తెరిచాక మళ్లీ రమ్మంటారు. ఈసారి పర్మనెంట్ చేస్తామన్నారు. కాకపోతే ఒక పరిశీలకుడు వచ్చి, నా క్లాసులో కూర్చుని, పాఠం చూసి మార్కులు వేస్తాడు. ఆయన సరేనంటేనే ఉద్యోగం.

మా వదినా టీచరే. ఇలాంటి పరీక్ష దాటిన మనిషి. పొద్దున్నే నా డబ్బా సర్దుతూ జాగ్రత్తలు చెప్పింది.

"ముందు నీ నోరు అదుపులో పెట్టుకో. ఇంకోటి, పిల్లలకి వీపు చూపించకు. దానికి విడిగా మార్కులున్నాయి. మా స్కూల్లో ఒకావిడకి అక్కడే పోయింది."

"వీపు చూపిస్తే పిల్లలేమన్నా పారిపోతారా వదినా?"

"పారిపోయేది ఉద్యోగం. ఇక బయల్దేరు."

ఆ రోజు పాఠం, అయస్కాంత క్షేత్రంలో కదిలే విద్యుదావేశం మీద పనిచేసే బలం. ఇది చేత్తో చెప్పాల్సిన పాఠం. కుడి చేతి వేళ్లను ఆవేశం వెళ్లే దిక్కుకి చాపి, అక్కణ్నుంచి క్షేత్రం దిక్కుకి ముడవాలి. బొటనవేలు ఎటు చూస్తే బలం అటు. ధనావేశం కుడివైపు వెళ్తున్నట్టు బోర్డు మీద బాణం గీశాను. క్షేత్రం మన దగ్గర్నుంచి బోర్డులోకి పోతోందన్నాను. బుద్ధిగా పిల్లల వైపు తిరిగి, కుడి చెయ్యి గుండెకి అడ్డంగా పెట్టి చూపించాను. వెనక బెంచీలో పరిశీలకుడు తలాడించాడు.

"ఏదీ, మీరూ చూపించండి."

చేతులు లేచాయి. సగం బొటనవేళ్లు పైకి, సగం కిందికి. చూద్దును కదా, కుడి చేతుల్లో పెన్నులు పట్టుకుని ఖాళీగా ఉన్న ఎడమ చేతులు ఎత్తారు నా తండ్రులు.

"పెన్నులు కింద పెట్టండి. కుడి చెయ్యి. రాసే చెయ్యి."

"నేను ఎడమ చేత్తో రాస్తాను మేడం," అంది ముందు బెంచీ వాగుడుకాయ.

"అయితే నువ్వు రాయని చెయ్యి ఎత్తు తల్లీ."

ఈసారి అందరూ కుడి చేతులే ఎత్తారు. అయినా సగం తప్పే. ఎదురుగా నిలబడ్డ నా వేళ్లు నా ఎడమకి పోయాయి కాబట్టి, వాళ్లూ తమ ఎడమకి చాపారు. అరచెయ్యి బోర్డు వైపు పెట్టేసరికి బొటనవేలు నేల చూపులు చూస్తోంది.

దీనికి విరుగుడు నాకు తెలుసు. నేనూ బోర్డు వైపు తిరిగి, చెయ్యి తలకన్నా పైకెత్తి చూపించాలి. అప్పుడు నా కుడీ వాళ్ల కుడీ ఒకటే. ఏటా అలాగే చెప్తాను. కానీ వీపు చూపించాలి.

నాకు ఆ ఉద్యోగం కావాలి. చచ్చేంత కావాలి. సెలవులన్నీ, మళ్లీ పిలుస్తారో లేదో అని ఫోను వంక చూస్తూ గడిపే బతుకు విసుగెత్తిపోయింది. జవాబు బోర్డు మీద రాసేసి ముందుకి పోదామా అనిపించింది కూడా. అంతలో వాగుడుకాయ మొహం కనపడింది. బొటనవేలు కిందికి పెట్టి, తనదే కరెక్టని ధీమాగా నవ్వుతోంది. ఇక నా వల్ల కాలేదు. బోర్డు వైపు తిరిగిపోయాను.

"నన్ను చూసి చెయ్యండి. వేళ్లు కుడిపక్కకి. అరచెయ్యి బోర్డుని చూడాలి. ఇప్పుడు వేళ్లు బోర్డులోకి ముడవండి. బొటనవేలు ఎటుంది?"

"పైకి," అంది క్లాసు క్లాసంతా.

"ఎలక్ట్రాన్‌ది మైనస్ ఛార్జి. దానికి?"

"తిరగేయాలి మేడం, కిందికి," అంది వాగుడుకాయ.

కర్టెన్లు వేసి గాజు ట్యూబ్ వెలిగించాను. ఎలక్ట్రాన్లు ఎడమ నుంచి కుడికి పచ్చటి గీతలా పరిగెత్తాయి. పిల్లల వైపు నుంచి అయస్కాంతం ఉత్తర కొసను ట్యూబ్ దగ్గరికి తెచ్చాను. చెప్పినట్టే గీత కిందికి వంగింది. పిల్లలు బల్లలు బాదేశారు. నాకు అసలు పరిశీలకుడే గుర్తులేడు.

క్లాసయ్యాక ఆయనే దగ్గరికొచ్చాడు. "వీపు చూపించకూడదని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు సార్. కానీ ఎదురుగా నిలబడితే పిల్లలు తప్పు నేర్చుకుంటున్నారు. పోతే నా మార్కులే కదా, పోనివ్వండి."

మాట గట్టిగానే అన్నాను. లోపల మాత్రం ఏడుపు తన్నుకొస్తోంది.

"ఆ అంశానికి సున్నా వేశాను," అన్నాడాయన.

డస్టరు తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాను.

"మిగతావాటిలో ఒక్క మార్కు తగ్గిద్దామన్నా చోటు దొరకలేదు. సోమవారం ఆఫీసుకొచ్చి ఆర్డరు తీసుకోండి. ఇక సెలవుల్లోనూ మీరు ఈ బడి టీచరే."

కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారిపోయాయి. చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిన మనిషితో, "ఆ సున్నా మాత్రం అన్యాయం సార్," అన్నాను. ముక్కు చీదుకుంటూ, గేటు దాకా ఆయన వెంట నడుస్తూ, ఆ సున్నా మీద వాదిస్తూనే ఉన్నాను.