తిరగేసిన మాట

మా దీవిలో మాటను తిరగేసి మాట్లాడతారు. వాన కుండపోతగా కురుస్తుంటే "ఎండ మాడ్చేస్తోంది" అంటాం. పిల్ల చూడచక్కగా ఉంటే "దాని మొహం చూస్తే జడుసుకుంటాం" అంటాం. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నేను చేసిన పీత వడలు తిని, "ఇంత పాడు వంట పుట్టి బుద్ధెరిగి తినలేదు" అంది. నేను ఈ దీవిలోనే పుట్టినదాన్ని కనక మురిసిపోయాను. అవతలి ఒడ్డు పిల్లయితే ఆ రాత్రే పెట్టె సర్దుకునేది.

తిరగేసిన మాటేదో, మామూలు మాటేదో ఎలా తెలుస్తుందంటారా? గడ్డం కాస్త పైకి లేస్తుంది, మాట చివర కాస్త సాగుతుంది. ముసలితనంలో ఆ రెండూ కూడా మానేస్తాం, ఎదుటివాళ్ళే అర్థం చేసుకుంటారు. నిజంగా ఉన్నదున్నట్టు చెప్పాల్సి వస్తే ముందు "సూటిగా చెబుతున్నాను" అనాలి. ఆ మాట విన్నామంటే ఎవరో పోయారన్నమాట. అందుకని దాన్ని ఎవరూ ఊరికే నోటికి తెచ్చుకోరు.

ఈ వసంతంలో ఆ అలవాటు మా ఆయన కళ్ళ మీదికి తెచ్చింది.

మా పీతల పాక నీళ్ళలో గుంజల మీద ఉంటుంది. దాని వసారాకు ఎదురుగా, పాత రేవుకట్టు తాలూకు గుంజ ఒకటి మిగిలిపోయింది. ఎల్వుడ్, అంటే మా ఆయన, చాలా ఏళ్ళ కిందట దాని మీద చెక్కపలక కొట్టాడు. అప్పటినుంచీ చేపగద్దల జంట ఏటా మార్చిలో వచ్చి అక్కడే గూడు పెడుతుంది. ఎల్వుడ్ తెల్లవారుజామున పడవ వేసుకుని నీళ్ళలో వేసిన పీతల బోన్లు లేపడానికి పోతాడు, మధ్యాహ్నం వచ్చి దుర్భిణి పట్టుకుని వసారాలో కూర్చుంటాడు. నేను పాక లోపల పీతలుంచే తొట్లలో చేతులు ముంచుకుని పనిచేస్తుంటే గూట్లో ఏం జరుగుతోందో బయటినుంచి చెబుతుంటాడు. ఆయన చెప్పటం, నేను వినటం. మా కాపురంలో సగం అదే.

అయితే రెండేళ్ళుగా ఆ గూడు మాకు కడుపుకోతే మిగిల్చింది. ముందటేడు పిల్లలు పుట్టాయి గాని చేపలు కరువై ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయాయి. నిరుడు గుడ్లు పిగలనే లేదు. ఆ పిచ్చితల్లి పొదగాల్సిన రోజులు దాటిపోయినా వాటి మీద కూర్చునే ఉంది. చివరికి ఒకనాడు లేచి, గూటి అంచున నిలబడి, చాలాసేపు కిందికి చూసి ఎగిరిపోయింది. ఎల్వుడ్ ఆ రోజు అన్నం ముట్టలేదు.

కనక ఈ ఏడాది పక్షులు తిరిగొచ్చాయని తెలియగానే ఇద్దరం ఆశగా ఎదురుచూశాం. ఏటా ఎల్వుడ్ నిచ్చెన వేసి పాక కప్పు ఎక్కి, గూట్లోకి తొంగి చూసి, గుడ్లెన్నో చెప్పేవాడు. ఈసారి ఎక్కలేదు. మోకాలు నొప్పి అన్నాడు.

"పోనీ ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తోంది?" అని లోపల్నుంచి అడిగాను.

"నాకేం కనిపించట్లేదే, ఒర్లీన్."

"ఆహా! అన్నీ కనిపిస్తున్నాయన్నమాట. చెప్పి చావరాదూ?" అని నవ్వాను.

ఆయన కుర్చీ కిర్రుమంది. తర్వాత ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "ఆవిడ కూర్చుంది. ఆయనగారు ఇప్పుడే దిగాడు. చేప తెచ్చాడు, ఆలస్యంగా తెచ్చాడని ఆవిడ చీవాట్లు పెడుతోంది." నేను వింటూ నా పని చేసుకున్నాను. మగపక్షి కూత, ఆడపక్షి కసురు నాకూ వినిపిస్తూనే ఉన్నాయి. అంతా సరిపోయింది.

మే నెల వచ్చేసరికి మా ఇంటి మీద ఒక మచ్చ పడింది. మా దీవిలో ఇళ్ళకు తాళాలుండవు. కాని ఒకడి బోను ఇంకొకడు లేపాడంటే చర్చిలో వాడి పక్కన ఎవరూ కూర్చోరు. బోను జాడకి తాడు కట్టి నీళ్ళ మీద వదిలిన బెండుకు ఎవరి రంగు వారిది. మాది తెల్లబెండుకు ఆకుపచ్చ పట్టీ, ఎల్వుడ్ తమ్ముడు రాయిస్‌ది తెల్లబెండుకు ఎర్రపట్టీ. ఒకరోజు పొద్దున రాయిస్ బోన్లు వరసకు వరస ఎల్వుడ్ లేపేశాడు. అటుగా పోతున్న పడవవాళ్ళంతా చూశారు.

రాయిస్ ఆ మధ్యాహ్నమే పాకకు వచ్చాడు. నోరు మహా దురుసు, మనసు వెన్న. కాని ఆ రోజు వెన్న జాడలేదు.

"వదినా, మా అన్నంత పెద్దమనిషి ఈ దీవిలో ఉన్నాడా? పరాయివాడి తాడు చచ్చినా ముట్టుకోడు" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"అవి నీవో నావో నాకు తెలియలేదురా" అన్నాడు ఎల్వుడ్.

"అవునవును. పాపం, తెలియదు!" రాయిస్ మొహం కందగడ్డ అయింది. "ఇన్నేళ్ళుగా నా బెండు చూస్తున్నావు. తెలిసీ లేపి, ఇప్పుడు నా మొహం మీదే వెటకారమా?"

"తెలియలేదన్నాను కదా."

"ఇంకా అంటున్నాడు చూడు!" అని పడవెక్కి పోయాడు. ఆ ఆదివారం చర్చిలో ఎప్పుడూ మా పక్కన కూర్చునే రాయిస్ వెనక బల్లకు మారాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఎల్వుడ్‌ని కడిగేశాను. ఆయన వంచిన తల ఎత్తలేదు. తప్పు చేశాడు కాబట్టే మాట్లాడటంలేదనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అదే వారంలో ఎల్వుడ్ టోపీ పోయింది. అలాంటిలాంటి రంగు కాదు, నారింజరంగు టోపీ, మైలు దూరానికి కూడా కనిపిస్తుంది. వసారా కమ్మీ మీద పెట్టానంటాడు. ఇల్లంతా వెతికాడు, పడవంతా వెతికాడు, చివరికి కోపంకొద్దీ రాయిసే పట్టుకుపోయాడన్నాడు. అప్పటికి పీతలు పెంకు విడవటం మొదలుపెట్టాయి, నాకు తొట్ల దగ్గర ఊపిరాడటంలేదు. టోపీ సంగతి నేను పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం నడుం నొప్పి పుట్టి, చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చి నిలబడ్డాను. ఎల్వుడ్ దుర్భిణి కళ్ళకు పెట్టుకుని గూటివైపే చూస్తున్నాడు. నేనూ చూశాను. చేపగద్దలకు ఒక దొంగబుద్ధి ఉంది, కనిపించిన గుడ్డపేలికా వలముక్కా తెచ్చి గూట్లో పెట్టుకుంటాయి. గూటి అంచున పుల్లల మధ్యనుంచి మా ఆయన నారింజరంగు టోపీ వేలాడుతోంది. దుర్భిణి అక్కర్లేకుండా చక్కగా కనిపిస్తోంది.

నవ్వు పొంగుకొచ్చింది. నోరు తెరిచాను. అంతలోనే ఆయన దుర్భిణి సరిగ్గా ఆ టోపీ వైపే తిరిగి ఉండటం చూశాను.

"ఎల్వుడ్, గూట్లో కొత్తగా ఏమైనా ఉందా?"

"ఏముంటుంది, పుల్లలు. ఆవిడ కూర్చుంది."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుందే? నీకు చాదస్తం ఎక్కువవుతోంది."

నేను ఆయన పక్కన కూలబడ్డాను. "నీకు కనిపించట్లేదు" అన్నాను.

ఆయన దుర్భిణి దించాడు. "అదే కదా క్రిస్మస్ నుంచీ చెబుతున్నాను."

"కనిపించట్లేదని చెప్పావు!"

"కనిపించకపోతే ఏమని చెప్పమంటావు మరి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదా, నా మీదా, మాటను తిరగేయటం మొదలుపెట్టిన మా తాతముత్తాతలందరి మీదా. "సూటిగా చెబుతున్నానని ఒక్క మాట అంటే నోరు పడిపోయేదా?"

"ఆ మాట అంటే నిజమైపోతుంది కదే" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు నవ్వావు. నువ్వు నవ్వితే, సరేలే, ఇంకా ఏమీ కాలేదులే అనిపించింది. రాయిస్‌కీ చెప్పాను. వాడు తిట్టాడు. తిట్టినా బాగానే అనిపించింది. గుడ్డివాడని జాలిపడేదానికన్నా దొంగ అనటమే నయమనుకున్నాను."

ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే రాయిస్ ఇంటికి పోయాను. వల అల్లుతున్నాడు. తలెత్తకుండానే, "రాకరాక వచ్చావు, పో వదినా" అన్నాడు. అలిగినా మర్యాద మాత్రం తప్పడు, కూర్చోమనటం అది.

"రాయిస్, సూటిగా చెబుతున్నాను."

వాడి చేతిలోంచి వల జారిపోయింది. లేచి నిలబడ్డాడు. "అన్నకేమైంది?"

"బతికే ఉన్నాడు. కళ్ళు కనిపించట్లేదు. నీ బెండుకు ఎర్రపట్టీ ఉందో ఆకుపచ్చ పట్టీ ఉందో ఆయనకు నిజంగానే తెలియలేదు."

రాయిస్ మళ్ళీ కూర్చుని రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. మర్నాడు చీకటితోనే వచ్చి ఎల్వుడ్ పడవలో చుక్కాని దగ్గర కూర్చున్నాడు. "నాకు నీ మొహం చూడాలని లేదు, నీతో మాట్లాడాలనీ లేదు, ఎక్కు" అన్నాడు. ఇద్దరూ అవతలి ఒడ్డున కంటి డాక్టరు దగ్గరికి పోయివచ్చారు.

నీటికాసులట. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటితో సీసా మూతిలోంచి చూసినట్టు కాస్త కనిపిస్తోంది. పోయింది రాదు, ఉన్నది నిలవాలంటే వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలి, ఎంత ఆలస్యమైతే అంత పోతుంది అన్నాడట డాక్టరు.

"గూట్లో పిల్లలు పుట్టాక పోతాను" అన్నాడు ఎల్వుడ్.

నేనూ రాయిసూ ఎంత మొత్తుకున్నా వినలేదు. "ఆపరేషన్లో ఉన్నదీ పోతే? చివరిసారి చూసింది నిరుటి ఖాళీ గూడే అవుతుంది. ఉన్న ఈ కాస్త చూపుతో ఒక్కసారి వాటిని చూసి పోతానే."

"నిరుటిలాగే ఈ ఏడూ పిగలకపోతేనో? అవి పిల్లలయ్యేదాకా నీ కన్ను ఆగుతుందా?"

ఆయన చెంపమీద నీళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఏడవటం నేను చూడలేదు. నా కోపమంతా దిగిపోయింది.

"నేను చూస్తాను" అన్నాను. "కప్పెక్కి చూస్తాను. చూసి చెబుతాను. ఇన్నాళ్ళూ నువ్వు చెబితే నేను వినలేదా? ఇక నువ్వు విను."

"నువ్వా? కుర్చీ ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి నీకు."

"తిరిగితే తిరుగుతాయి. నీకు లేని కళ్ళు నాకున్నాయి కదా, తిరగనీ."

అంత బాధలోనూ నవ్వాడు. ఒప్పుకున్నాడు. రాయిస్ తీసుకుపోయాడు. నాకూ వెళ్ళాలనే ఉంది గాని తొట్ల నిండా పీతలు. పెంకు విడిచిన పీతను వెంటనే నీళ్ళలోంచి తీయకపోతే మళ్ళీ గట్టిపడిపోతుంది, ఎవరూ కొనరు. అదీగాక మాట ఇచ్చాను.

తొట్లకూ వసారాకూ మధ్య తిరుగుతూ గడిపాను. ఆడపక్షి కదలకుండా కూర్చునే ఉంది. దాన్ని చూస్తే నిరుటి సంగతే గుర్తొచ్చేది. "ఈసారైనా మా మొహం చూడవే తల్లీ" అని పైకే బతిమాలాను. అక్కడ ఆయనకు ఆపరేషన్ అయిందని, కట్టు విప్పితేగాని ఏమీ తెలియదని రాయిస్ ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున మగపక్షి చేప తెచ్చి దిగింది. ఎప్పుడూ ఆ చేపను పట్టుకుని దూరంగా ఎగిరిపోయే ఆడపక్షి ఈసారి గూట్లోనే ఉండిపోయింది. లేచి నిలబడి, చిన్న ముక్క తుంచి, తల వంచి కిందికి అందించింది. మళ్ళీ తుంచింది, మళ్ళీ వంగింది.

నిచ్చెన తెచ్చి వేశాను. మూడో మెట్టుకే కళ్ళు తిరిగాయి. కిందికి చూడకుండా, నోటికొచ్చిన ప్రార్థనలన్నీ కలిపి చదువుకుంటూ కప్పు మీదికి పాకాను. మగపక్షి అరుస్తూ నా జుట్టు తగిలేంత దగ్గరగా దూసుకుపోయింది. నేను చూరు పట్టుకుని బోర్లా పడుకునే గూట్లోకి చూశాను. తర్వాత అక్కడే పడుకుని, జేబులోంచి ఫోన్ తీశాను.

రాయిస్ ఎత్తి, ఎల్వుడ్ చెవి దగ్గర అందరికీ వినిపించేట్టు పెట్టాడు.

"ఏమిటే?" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో భయం నాకు తెలుస్తోంది.

ఏడుస్తూనే నోరు తెరిచాను. వచ్చిన మాట మా దీవి మాటే.

"ఏమీ లేవు ఎల్వుడ్. గూడంతా ఖాళీ."

అవతల ఎవరో నర్సు "అయ్యో, బాధపడకండి" అంటోంది. రాయిస్ "బాధా! మా కొంప మునిగిపోయిందమ్మా" అని ఆనందం పట్టలేక అరుస్తున్నాడు.

"ఎన్ని లేవే?" అన్నాడు ఎల్వుడ్.

"మూడు లేవు."

"ఒర్లీన్, ఒక్కసారి సూటిగా చెప్పు. కట్టు కింద అంతా చీకటిగా ఉంది. నేను చూడాలి" అన్నాడు.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ గూట్లోకి చూశాను.

"సూటిగా చెబుతున్నాను. మూడున్నాయి. రెండు చేప తింటున్నాయి. మూడోది ఇప్పుడే వచ్చింది, ఇంకా తడి ఆరలేదు. వాళ్ళమ్మ నీ టోపీ లోపలికి లాక్కుని పరిచింది. ఆ మూడోది దాని మీద పడుకుంది."