పక్కసీటు బ్రేకు

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఆ స్కూలు కార్లలో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గరే కాదు, పక్కసీట్లో కూర్చునే మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇన్నేళ్లుగా దాన్ని తొక్కీ తొక్కీ ఆయన కాలికి అదొక రోగమైపోయింది. బస్సెక్కినా తొక్కుతారు. సినిమాహాల్లో తెరమీద కారు జోరుగా వస్తే తొక్కుతారు. పెళ్లయిన కొత్తలో పార్కులో సరదాగా ఉయ్యాల ఎక్కితే అక్కడా తొక్కారు. ఆ రోజు నవ్వలేక చచ్చాను.

నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. డబ్బా మీద ఏం రాసుంటే అదే నాకు చట్టం. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మాత్రని మా అమ్మే వచ్చి అడిగినా ఇవ్వను. ఒకసారి వచ్చి అడిగింది కూడా. ఇవ్వలేదు. చాలాకాలం నాతో మాట్లాడలేదు.

మాకు ఒక్కతే కూతురు, పదిహేనేళ్లది. ఏది వద్దన్నా నడుం మీద చేతులు పెట్టుకుని వాదనకి దిగుతుంది కాబట్టి ఇంట్లో దాన్ని లాయరమ్మ అంటాం.

ఆమధ్య మా అక్క దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది. అందులో నాకో శాలువా, లాయరమ్మకో వీడియో గేమ్ డిస్కు. డిస్కు డబ్బా మీద ఎర్రటి గుండ్రంలో పద్దెనిమిది అని అంకె. దాని కింద చిన్న అక్షరాల్లో ‘తీవ్రమైన హింస, క్రూరమైన దృశ్యాలు’. చిన్న అక్షరాలు చదవడమే నా ఉద్యోగం. డిస్కు తీసుకెళ్లి మందుల అల్మారాలో దగ్గుమందు సీసా వెనక పెట్టి తాళం వేశాను.

కోర్టు మొదలైంది.

“అమ్మా, అక్క ఆడుతోంది. తనకి మాత్రం పదహారేగా.”

“మీ పెద్దమ్మకి పిల్లలు అడిగింది ఇవ్వడం తప్ప ఇంకోటి చేతకాదు.”

“అంటే పెద్దమ్మ మంచిది కాదా?”

“మంచిదే. అదే ఆవిడ జబ్బు.”

లాయరమ్మ అక్క అన్నది మా అక్క కూతుర్ని. నిరుటి వరకు వాళ్లు మా పైవాటాలోనే ఉండేవాళ్లు. ఈ ఆడపిల్లలిద్దరూ ఒకే మంచం మీద పడుకుని, కాళ్లు గోడకి ఆనించి, గంటలు గంటలు వాగేవాళ్లు. మా బావగారికి బదిలీ అయి వెళ్లిపోయాక మొదట్లో రోజూ ఫోన్లు. రానురానూ తగ్గాయి. ఈమధ్య ఫోనెత్తితే “ఏంటి?”, “ఏం లేదు”, “నువ్వేంటి?”, “ఏం లేదు”. అంతటితో సరి.

నేనెంతకీ కరగకపోయేసరికి లాయరమ్మ చేతులు దించేసింది. “ఫోన్లో ఏం మాట్లాడాలో మాకు తెలీట్లేదమ్మా. గేమ్‌లో అయితే కార్లేసుకుని ఊరంతా తిరుగుతూ మాట్లాడుకోవచ్చు. ఇలాగే ఉంటే అక్కకి అక్కడెవరో దొరికేస్తారు. నన్ను మర్చిపోతుంది” అంది.

అది వాదిస్తే నాకు భయం లేదు. ఇలా మామూలుగా చెప్తేనే తట్టుకోలేను. ఆ పూట వంటింట్లో చేసిన పనే మళ్లీ చేస్తూ తిరిగాను.

చివరికి మా ఆయన తగువు తీర్చారు. “ఏమోయ్, నువ్వు డబ్బా చూసి వద్దంటున్నావు. అది డబ్బా చూసి కావాలంటోంది. లోపలేముందో మీ ఇద్దరికీ తెలీదు. పక్కన కూర్చుని చూడకుండా నేనెవర్నీ పాస్ చెయ్యను, ఫెయిల్ చెయ్యను. ఆదివారం పొద్దున హాల్లో టెస్టు. ముందు నేనాడతాను.”

ఆదివారం వచ్చింది. ఆయన స్కూలుకి వెళ్లినట్టే ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నారు. పక్కన, నేను తాళం తీసిచ్చిన డిస్కుని గేమ్ పెట్టెలో పెడుతూ లాయరమ్మ. వెనక సోఫాలో కొత్త శాలువా కప్పుకుని, చేతిలో టీ కప్పుతో నేను.

తెరమీద కారు కనబడగానే ఆయన చెయ్యి గాల్లోకి లేచింది, అద్దం సర్దుకోవడానికి.

“సీటుబెల్టుకి ఏ బటనమ్మా?”

“బెల్టు లేదు నాన్నా.”

“బెల్టు లేకుండా బండి కదిలించడమేంటి!”

ఎలాగో కదిలించారు. పని ఏమిటంటే పారిపోతున్న దొంగని వెంటాడి పట్టుకోవాలి. వెంటాడారు. సిగ్నల్ దగ్గర ఎర్రది పడింది. ఆగారు. దొంగ దర్జాగా వెళ్లిపోయాడు. ఓడిపోయారని తెరమీద పెద్దక్షరాలు పడ్డాయి. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి రోడ్డు దాటుతున్న ఒక ముసలావిడ కోసం ఆగి, నిదానంగా వెళ్లమని టీవీకి చెయ్యి ఊపారు.

“నాన్నా! ఇక్కడ సిగ్నల్ దగ్గర ఎవరూ ఆగరు!”

“అందుకేగా ఊరినిండా ఇన్ని సొట్టకార్లు.”

నాకు నవ్వాగక టీ అంతా కొత్త శాలువా మీద ఒలికింది. ఆట మీద కోపంగా ఉండాలని పొద్దున్నే గట్టిగా అనుకున్నదాన్ని.

దొంగ దొరికేలా లేడని లాయరమ్మ రిమోటు లాక్కుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పిల్ల భలే నడిపింది. మలుపు మలుపుకీ మా ఆయన కాలు తివాచీని తొక్కుతూనే ఉంది. “ఈ పని అయిపోతే వంతెన తెరుచుకుంటుంది. అక్క వంతెన అవతల ఉంది” అని హుషారుగా చెబుతూ దొంగని పట్టేసింది.

ఆ తర్వాత తెరమీద ఒక గది. ఇందాకటి దొంగని కుర్చీకి కట్టేశారు. నిజం చెప్పేదాకా వాణ్ణి కొట్టాలట. కొట్టడానికి ఏ బటన్ నొక్కాలో కూడా తెరమీద మెరుస్తోంది. వాడు కొట్టొద్దని బతిమాలుతున్నాడు. మా ఆయన కాలు తివాచీలోకి దిగబడిపోయింది. నేను ప్లగ్గు పీకెయ్యడానికి లేచాను.

నేను గోడ దగ్గరికి చేరేలోపే లాయరమ్మ రిమోటు తివాచీ మీద పెట్టేసింది.

“ఇది నేను నొక్కను” అంది.

“నొక్కకపోతే?” అన్నారు మా ఆయన.

“వంతెన తెరుచుకోదు.” రిమోటుని ఇంకాస్త దూరం తోసేసింది. “అయినా నొక్కను. వాడు ఏడుస్తున్నాడు నాన్నా.”

నేను ప్లగ్గు దగ్గరే నిలబడిపోయాను. సంతోషంతో కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ డబ్బా మీద రాసింది అక్షరాలా నిజం, అందులో నాకు సందేహం లేదు. కానీ నా కూతురి గురించి ఏ డబ్బా మీదా రాసిలేదు.

“పాస్. నా కాలికి పని లేకుండా చేసింది” అన్నారు మా ఆయన.

“పాసై ఏం లాభం? అక్క దగ్గరికి వెళ్లలేనుగా!” అంటూ లాయరమ్మ కళ్లు తుడుచుకుని అక్కకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టమన్నాను.

“అక్కా, ఆ కుర్చీ మనిషిని నేను కొట్టలేకపోయాను. నాకు వంతెన తెరుచుకోదు. సారీ.”

 అవతల్నుంచి అక్క చిన్న గొంతుతో, “నేను కళ్లు మూసుకుని నొక్కానే. తర్వాత చాలారోజులు వాడి ఏడుపే గుర్తొచ్చేది. అమ్మకి చెప్పలేదు” అంది. ఎంత పెద్దగా నవ్వే పిల్ల!

“మరి నువ్వు వంతెన దాటి ఇటు రావచ్చా?”

“ఓ, రావచ్చు. ఎవరూ రారంతే. అక్కడే ఉండు, వస్తున్నా.”

అప్పుడు నేను తీర్పు చెప్పాను. ఆట హాల్లోనే. పక్కన నాన్నో నేనో ఉండాలి. కొట్టే పనులు, కుర్చీలు, వంతెనలు ఏవీ లేవు, ఊళ్లో తిరగడమే. ఆట అయ్యాక డిస్కు మళ్లీ దగ్గుమందు వెనక్కే. మా అక్కతో నేనే మాట్లాడి ఆ చిన్న అక్షరాలన్నీ చదివి వినిపిస్తాను.

“సిగ్నల్ దగ్గర ఆగాలి” అని మా ఆయన ఇంకో షరతు కలిపారు.

“సిగ్నల్ దగ్గరా! నాన్నా, అది గేమ్!”

“అప్పీలు లేదు.”

కాసేపటికి వంతెన మీద నుంచి పసుపుపచ్చ కారొకటి వచ్చి లాయరమ్మ కారు పక్కన చేరింది. రెండూ బయలుదేరి మొదటి సిగ్నల్ దగ్గరే ఎర్రది పడి ఆగాయి.

“ఇదేంటే, ఆగావు?” టీవీలోంచి అంది అక్క.

“మా నాన్న పక్కనున్నారు.”

“బాబాయ్ ఉన్నారా! అయితే నేనూ ఆగుతా.” నవ్వు వినబడింది, పైవాటాలోంచి వినబడే పాత నవ్వు. తర్వాత, “ఇక్కడ నాకింకా ఎవరూ దొరకలేదే. మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని తింటాను” అంది.

“నాకు చెప్పలేదేం?”

“ఫోన్లో ఎలా చెప్తాం?”

ఇంక మొదలుపెట్టారు. కొత్త స్కూలు, లెక్కల టీచరు విగ్గు, ఇక్కడ మా పైవాటాలోకి వచ్చినవాళ్ల కుక్క, ఒకదాని మీద ఒకటి. సిగ్నల్ పచ్చది పడింది. వెనకనున్న కార్లన్నీ హారన్లు మోగించాయి. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

“పచ్చది పడిందమ్మా...” అనబోయారు మా ఆయన. నేను ఆయన మోకాలు నొక్కి ఆపాను.