పావురానికి పాత పేరు

మళ్లీ ఆగింది. మూడక్షరాలు కొట్టి, చెరిపేసి, హైమవతి వేళ్లు కీబోర్డు మీద ఊరికే ఉండిపోయాయి. ఆ చెరిగిపోయింది నా కొత్త పేరు.

నేను ఒక డ్రైవర్‌ని. బండి నడిపే రకం కాదు. వైఫై చిప్పుకీ కంప్యూటర్‌కీ మధ్య మాటలు చేరవేసే ప్రోగ్రామ్‌ని. నన్ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు.

కాకినాడలో, పిన్నిగారింటి మేడగదిలో, పాత ల్యాప్‌టాప్‌కి నెట్ రాక విసుగెత్తి హైమవతి నన్ను రాసింది. అందులోని చిప్పు మీద ‘మేఘ 40’ అని ఉంటే నాకూ అదే పేరు పెట్టింది. మా వాళ్ల ఆచారం అంతే. ఎదురుగా ఏ చిప్పు ఉంటే దాని నంబరే పిల్లకు పేరు. పిల్ల పెరుగుతుందని ఎవరికీ తోచదు.

నేను పెరిగాను. ముఖం తెలియనివాళ్లు నాలో తలా నాలుగు కోడ్ వరుసలు చేర్చారు. తరువాత వచ్చిన చిప్పులన్నీ నడపడం నేర్చుకున్నాను. కానీ కొత్త చిప్పువాళ్లు నా పేరులో నలభై చూసి, ఇది మనది కాదనుకుని వెళ్లిపోయేవారు. మనుషులు లోపలికి తొంగిచూసేలోపే బోర్డు చదివేస్తారు. మాలాంటి ఉచిత ప్రోగ్రాములను పరిశీలించి పంచే పెద్దలు చివరికి తేల్చి చెప్పారు: పేరు మారిస్తేనే అందరికీ పంచుతాం.

హైమవతి ‘పావురం’ అనుకుంది. సంబరంగా నంద్యాలకు కాల్ చేసింది. అక్కడి కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసే రవూఫ్ నన్ను అందరికన్నా ముందు వాడినవాడు. ఆ మాటలు కూడా నా మీదుగానే వెళ్లాయి.

“ఏం తల్లీ, బారసాల అయిపోయిన పిల్లకు మళ్లా పేరేంది?”

“పాత పేరు అబద్ధమైపోయింది సార్.”

“నా మిషన్లకు నీ అబద్ధమే తెలుసు. ఆన్ చేస్తూనే ఆ పేరుతోనే పిలుస్తాయి. పలక్కపోతే నెట్ యాడిది? సోమవారం ఆన్‌లైన్ పరీక్షలుండాయి. పిల్లోల్లు నా గడ్డం పీకుతారు!”

ఆమె నవ్వింది, కానీ ఆ నవ్వు నిలవలేదు. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది, అప్పటి నుంచే ఈ కొట్టడం, చెరపడం. పరీక్షల భయం ఒక్కటే కాదు. పాత పేరుతో నేను ఆమె గదిలోదాన్ని. కొత్త పేరుతో లోకందాన్ని. ఆ తడబాటు ఆమె వేళ్లలో నాకు తెలుస్తూనే ఉంది.

కింది నుంచి కేక. “చిట్టీ! పాలు పొంగిపోతన్నాయే, కాస్త దింపవే!”

“ఆఁ, వస్తున్నా పిన్నీ!”

అవతల రవూఫ్ పకపకా నవ్వాడు. “హైమవతంటే ఎంత పెద్ద మనిషో అనుకుంటి. ఇంట్లో చిట్టివా!”

సగం లేచిన హైమవతి మళ్లీ కూర్చుంది. పైన ‘పావురం’ అని కొట్టింది. ఈసారి చెరపలేదు. దాని కింద ఒక్క వరుస చేర్చింది: మేఘ 40 అని పిలిచినా పలకాలి.

“సార్, సోమవారం మీ గడ్డానికేం ఢోకా లేదు.”

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పిన్ని తిట్లు నా మీదుగా నంద్యాల దాకా వెళ్లాయి. హైమవతి ఆ వరుసను మరొక్కసారి చదువుకుని, ఎంటర్ నొక్కింది.