పచ్చనీళ్లు

వారంగా మబ్బు విడవలేదు. తెల్లారేసరికి చెరువులో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. ఆమె గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది. పిల్లచేపల నాటి నుంచి తన చేత్తో మేత వేసి పెంచింది. ఈ చెరువు తప్ప ఆ ఇంటికి ఇంకో బతుకు లేదు.

"కరెంటు రాలేదా?" అంది.

"రోడ్డవతల ఫ్యాక్టరీకి వచ్చింది," అన్నాడు మరిది. "అన్నయ్య కరెంటాఫీసు గుమ్మంలోనే కూర్చున్నాడు. లైన్‌మన్ ఇంకా లేవలేదట. మారాజుకు నిద్ర చెడకూడదుగా."

ఫ్యాక్టరీలో ఒక్క పూట దీపం ఆరకూడదు. చెరువులో ప్రాణాలు ఆరిపోతే అడిగే నాథుడు లేడు. నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు మొద్దుల్లా పడి ఉన్నాయి. డీజిలు ఇంజనేమో మెకానిక్ షెడ్డులో విప్పదీసి ఉంది.

ఆమె నీళ్లలోకి దిగి బిందె ముంచింది. నెత్తి దాకా ఎత్తి మళ్లీ చెరువులోకే కుమ్మరించింది. ధార పడ్డచోట కాస్త గాలి కలుస్తుంది. అంత చెరువుకు బిందెడు గాలి. మరిది పడవెక్కి తెడ్డుతో నీళ్లను బాదుతున్నాడు.

నీళ్లు చిక్కటి పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం చూసే ఆమె ఇన్నాళ్లూ మురిసింది. కంటికి ఆననంత చిన్న నాచు అది. ఎండ పడితే చాలు, నీళ్లనూ చేపలు వదిలిన చెడుగాలినీ కలిపి తన కూడు తానే వండుకుంటుంది. వండగా వచ్చిన మంచిగాలిని నీళ్లలోకి వదులుతుంది. చేపలకు ఊపిరి అదే. మబ్బు పట్టగానే ఆమె భయపడింది. నాచు ఇంకా పెరిగితే గాలీ పెరుగుతుందని ఎరువు బస్తాలు దగ్గరుండి చల్లించింది.

"ఎరువు వేయకుండా ఉండాల్సిందా?" అంది బిందె ఎత్తుతూనే.

"పొయ్యి వెలగని ఇంటికి చుట్టాలను పిలిచాం వదినా. ఎండుంటేనే అది వండేది. ఊపిరి మాత్రం దానికీ రాత్రీ పగలూ కావాలి. చేపల వాటా కూడా అదే పీల్చేస్తోంది."

"ఆ ముక్క మొన్ననే చెప్పి చావొచ్చుగా."

"నాకేం తెలుసు? ఇందాక చేపల మందుల షాపాయన ఫోన్లో తిట్టాడు. ఆ తిట్లే నీకు చెబుతున్నా."

పెద్ద చేప ఒకటి ఆమె మోకాళ్ల దగ్గరికొచ్చింది. మేత వేసే మనిషని గుర్తుపట్టిందేమో. నోరు తెరిచింది, మూసింది. ఆమె దాని పక్కనే ధార పోసింది, పోస్తూనే ఉంది. అది మెల్లగా ఒరిగి తెల్లటి పొట్ట పైకి పెట్టింది. దాని వెనక ఇంకొకటి. ఆపైన చెరువు నిండా తెలుపే.

ఎప్పటికో మబ్బు చీలి ఎండ పడింది. పచ్చనీళ్ల మీద ఆవగింజంత బుడగలు లేచాయి. నాచు వంట మొదలుపెట్టింది. తేలిన పొట్టల మధ్య మంచిగాలి పైకొచ్చి చిట్లిపోతోంది.

"ఇక దించు వదినా," అన్నాడు మరిది.

ఆమె ఇంకో బిందె ముంచింది, ఎత్తబోయి ఆగింది.

"మీ అన్నయ్యకు ఫోన్ చెయ్యి," అంది. "ఎండొచ్చిందని చెప్పు. ఇంక అక్కడ కూర్చోవద్దను."