కానుగచెట్టు పూత వేళ

మార్కాపురంలో పలకల కార్ఖానాలు తెల్లవారుతూనే మేలుకొంటాయి. రామతులసమ్మ కార్ఖానా ఒక్కటే మాఘమాసం నుండి నిద్రపోతూ ఉంది. ఆమె మాత్రం తాళపుచెవుల గుత్తితో అయిదింటికే వచ్చి, పెరటి కానుగచెట్టు క్రింద కుర్చీ వేసుకొని, కొమ్మలవైపు చూస్తూ కూర్చునేది.

ఆ చెట్టు రోజూ ఉదయం నోట్లు పూసేది. పదులు, ఇరవైలు, మంచి ఏడు వస్తే వందలు. అవి పనివారి కూలికీ చట్రాల కర్రకూ పోయి, సాయంత్రానికి బజారంతా తిరిగేవి. ఊరివారు "ఈపొద్దు పూత ఎట్లుంది?" అని అడిగేవారే గాని, వింతపడినవారు లేరు. పూత కోసిన తరువాతనే రాయి కోసే రంపం తిప్పాలన్నది ఆమె మామగారు పెట్టిన కట్టుబాటు. ఆయన మాఘంలో కన్నుమూశారు. నాటి నుండి ఆమె ఆ కట్టుబాటును పొల్లుపోకుండా పాటిస్తోంది. పూత మాత్రం రాలేదు. ఇక గతిలేక, కార్ఖానాను కంభం వర్తకుడికి అమ్మడానికి ఒప్పుకొంది. శుక్రవారం సంతకాలు. ఆపైన దానిని పడగొట్టి అతడు గోదాము కట్టుకుంటాడు.

గురువారం ఉదయం, ముప్పై ఏళ్ళుగా అక్కడ చట్రాలు బిగించిన మగ్దలీనమ్మ తన సుత్తి తీసుకొనిపోవడానికి వచ్చింది.

"ఏందమ్మా, ఇంకా చెట్టు దిక్కే చూస్తుండావా?"

"పూయనిదే పని ఎట్ల మొదలుపెట్టేది మగ్దలీనా? మామగారి మాట."

"పెద్దాయన ఎన్నింటికి వచ్చేవాడు?"

"తొమ్మిదింటికి."

"తాళాలు మా దగ్గరే ఉండేవి, మేం ఆరింటికే వచ్చి తీసేవాళ్ళం. ఆయన వచ్చేలోపల రెండు వందల పలకలు కోసేవాళ్ళం. ఆ దుమ్ము లేచి కొమ్మలకు తగిలినాకే పూత. ఆయన వచ్చి, పూత కోయించి, ఇంక మొదలుపెట్టండి అనేవాడు. మేం సరే అనేవాళ్ళం."

"ఒక్కరూ చెప్పలేదేమే?"

"పెద్దాయన నిద్ర సంగతి మాకెందుకులే అనుకుంటిమి. నువ్వేమో కోడి కూయకముందే వచ్చి తాళాలు పట్టుకొని కూర్చుంటివి."

వేళ తప్పడమన్నది ఎరుగని రామతులసమ్మ తాళాల గుత్తిని మగ్దలీనమ్మ చేతిలో పెట్టింది.

"పూయకుంటే మీ కూలి?"

"పూయకుంటే ఎట్లాగూ రేపటితో అంతా అయిపోయినట్టే కదమ్మా."

మరునాడు ఆమె అయిదింటికే స్నానం ముగించి, ఇంటి అరుగుమీద బలవంతాన కూర్చుంది. ఎనిమిదిన్నరకు వర్తకుడు ఫోను చేశాడు, ఎత్తలేదు. ఆమె తొమ్మిదికి కార్ఖానాకు చేరేసరికి లోపల రంపం మోగుతోంది. కానుగచెట్టు క్రింద వర్తకుడు కాగితాలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. అతని తలంతా పలకదుమ్ము, భుజంమీద ఒక లేత ఇరవై నోటు.

"ఆలస్యమైంది, క్షమించండి," అన్నది రామతులసమ్మ, జీవితంలో మొదటిసారి.

అతడు నిండుగా పూసిన కొమ్మలను చూశాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకొని, మనవరాలిని బడిలో వేయాలి, ఒక మంచి పలక చూపించమన్నాడు.