సగం కోళ్లు

మా కడియం పక్క బ్రాయిలర్ షెడ్డులో కోడి పక్కకు జరగడానికి చోటుండదు. నలభై రోజులకే ఒళ్లు బలిసి కాళ్లు ఆనవు. నీళ్లు రెండడుగుల దూరంలో ఉన్నా చేరలేక చచ్చేవి కొన్ని. రెట్టతో తడిసిన ఊక ఘాటుకు మా కళ్లు మండిపోతాయి.

షెడ్డులో ఇన్ని కోళ్లే ఉండాలని సర్కారు రూలు పెట్టింది. కంపెనీ రెట్టింపు వేసింది. మొదటి తనిఖీ నాడు మేం చేసింది చెప్పాలంటే సిగ్గేస్తుంది. సగం కోళ్లను బుట్టలకెత్తి, పక్క నర్సరీలో మొక్కలకు కట్టిన పచ్చ వల కింద దాచాం. మోసింది ఎవరు? పన్నెండుమంది కూలీలం, మేమే! థూ, మా బతుకు! ఆఫీసరు లెక్క చూసి, అంతా బాగుందని రాసుకుని వెళ్లాడు.

మే నెలలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. ఆ ఇరుకులో కోళ్లు నోళ్లు తెరుచుకుని ఒకదానిమీద ఒకటి పడి చచ్చాయి. వాటిని లాగడానికి లోపలికెళ్లిన రత్నమాణిక్యం సొమ్మసిల్లి పడిపోయింది. బయటికి తెచ్చేసరికే ప్రాణం లేదు. "ముందునుంచీ గుండెజబ్బు మనిషి" అన్నాడు సూపర్‌వైజరు గణేష్‌బాబు. దొంగముఖం!

చచ్చినవాటి చోట కంపెనీ మళ్లీ రెట్టింపు కోళ్లు నింపింది. నెల తిరక్కుండానే రెండో తనిఖీ వచ్చింది. ముందురోజు సాయంత్రం గణేష్‌బాబు బుట్టలు తెచ్చి పడేశాడు.

"ఏరా ఎజ్రా, చూస్తావేంటి? సగం లేపండి."

"లేపమండి," అన్నాను.

రత్నమాణిక్యం తోడికోడలు దీనమ్మక్క ముందుకొచ్చింది. "మొన్న ఈ చేతుల్తోనే దాచామండి. దాచి మా మనిషిని మేమే చంపుకున్నాం. రేపు ఆఫీసరుగారు ఉన్నది ఉన్నట్టు చూడాలి."

"కోసుకు తినే కోడికి సుఖమేంటే?"

"కోసేదాకా దానిదీ బతుకేనండి. దానికి గాలాడని చోట మాకూ ఆడదు."

మా తోటి కూలీ చినబాబు గొణిగాడు. "పనిలోంచి తీసేస్తే పిల్లలకి ఏం పెట్టను అక్కా?"

"మాణిక్యం పిల్లల్ని చూశావా నువ్వు?"

చినబాబు ఓ బుట్ట బోర్లించి దానిమీద కూర్చున్నాడు. అందరం అలాగే కూర్చున్నాం. తెల్లారేదాకా ఒక్కరం కదల్లేదు.

పొద్దున్నే ఆఫీసరుకంటే ముందు పోలీసులు దిగారు. దీనమ్మక్కమీద గణేష్‌బాబు పెట్టించిన కోళ్ల దొంగతనం కేసట!

"కోళ్లన్నీ షెడ్డులోనే ఉన్నాయి కదండి, నేనేం దొంగిలించాను?" అని దీనమ్మక్క అరుస్తూనే ఉంది. జీపెక్కించి తీసుకుపోయారు.

ఆఫీసరు వచ్చేసరికి గణేష్‌బాబు షెడ్డు పరదాలు దించేశాడు. "లోపల మందు కొట్టామండి, బయటినుంచే చూడండి" అన్నాడు. మేం పరిగెత్తి తాళ్లు తెంపాం. పరదాలన్నీ కూలాయి. ఘాటు కొట్టి ఆఫీసరు ముక్కు మూసుకున్నాడు.

చినబాబు ఓ కోడిని రెండు చేతుల్తో ఎత్తి ఆయన ముందు పెట్టాడు. అది నిలబడలేక పక్కకు ఒరిగింది.

"లెక్కపెట్టండి సార్. మేం చూపిస్తాం."

ఆయన లెక్క రాసి సంతకం పెట్టేదాకా మేం గేటు తియ్యలేదు. కాగితం నకలు పట్టుకుని మిగిలిన పదిమందిమి దీనమ్మక్క ఉన్న స్టేషనుకు నడిచాం. పక్క షెడ్డు కూలీలు పని వదిలేసి మాతో కలిశారు. దాని పక్క షెడ్డువాళ్లు అప్పటికే రోడ్డుమీద నిలబడి ఉన్నారు.